బామ్నిలో మళ్ళీ కట్టిన గోడ

బామ్ని,
ఆదివారం.

అక్క సుగుణకు తమ్ముడు దేవదాసు వందనాలు.

నువ్వూ బావా బాగున్నారని అనుకుంటున్నాను. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బావ ఇంకా ఎండలో సైకిలు తొక్కుతున్నాడా? నా ఒంట్లో బాగానే ఉంది, నువ్వు దిగులు పడకు. నీ రెండు ఉత్తరాలూ అందాయి. రెండింటికీ జవాబు రాయలేదు. ఫోన్లో చెబుదామంటే నీకు వినబడదు. అరిచి చెప్పే మాటలు కూడా కావు. అందుకే ఇవాళ కూర్చున్నాను.

ఇక్కడికి వచ్చి ఐదు నెలలైంది. బల్లార్‌పూర్ పక్కనే ఈ బామ్ని. ఒక మరాఠీ ముసలావిడ ఇంట్లో ముందు గది తీసుకున్నాను. గాలి ఇటు తిరిగితే కాగితం మిల్లు వాసన వస్తుంది. బొగ్గు బళ్ళు పోతుంటే గిన్నెలు కదులుతాయి. ఎండలు అప్పుడే మొదలయ్యాయి. పొద్దున బండి దగ్గర పోహా, అదే అటుకుల ఉప్మా, తింటాను, రాత్రికి అన్నం వండుకుంటాను. బాగానే తింటున్నాను, నిజంగానే. పని లేని రోజే కష్టం. ఆ రోజు పొద్దుటి నుంచి పడుకునేదాకా నేను మాట్లాడేది పోహా బండి దగ్గర రెండు మాటలు, అంతే. ఇంటావిడ మాత్రం వాకిట్లో కనబడితే "జేవ్లాస్ కా?" అంటుంది. తిన్నావా అని. తిన్నానని తలూపి లోపలికి వచ్చేస్తాను.

చర్చికి వెళ్తున్నావా అని రెండు ఉత్తరాల్లోనూ అడిగావు. నీకు నవ్వొస్తుందేమో, ఈ రెండు నెలలూ నేను చర్చిలోనే ఉన్నాను. మేస్త్రి పని. బొగ్గు గనుల్లో పని కోసం మన వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాల చర్చి అది. ఇన్నాళ్ళూ రేకుల షెడ్డులో కూడుకునేవాళ్ళు. ఇప్పుడు ఇటుకలతో కడుతున్నారు. మా కాంట్రాక్టరు నన్ను అక్కడ పెట్టాడు. నేనూ ఇది గోడే కదా, ఏ గోడైతే ఏముంది అనుకుని ఒప్పుకున్నాను.

జనవరిలో న్యూజిలాండ్ నుంచి పన్నెండు మంది వచ్చారు, రెండు వారాలు ఉండి చర్చి కట్టడానికి సాయం చేస్తామని. వచ్చిన రోజే పాస్టరు గారు వాళ్ళ కాగితాలన్నీ పోలీస్ స్టేషన్లో చూపించుకొచ్చారు. అందరూ టిక్కెట్లు సొంతంగా పెట్టుకుని వచ్చినవాళ్ళే. ఒకాయన టీచరు, ఒకామె నర్సు, మిగతావాళ్ళూ ఎక్కువమంది అలాంటి ఉద్యోగాలవాళ్ళే. మొదటి రోజు పనిలోకి దిగినవాళ్ళలో ఇటుక పట్టినవాళ్ళు లేరు. కానీ అక్కా, ఏం కష్టపడ్డారో! మొహాలు ఎర్రగా కందిపోయినా నీడకు వచ్చేవాళ్ళు కాదు. వాళ్ళకు ఎడమ పక్క గోడ అప్పగించారు. నేను కుడి పక్కన కిటికీల పని చూస్తున్నాను.

రెండో రోజు సాయంత్రం వాళ్ళ గోడ దగ్గరికి వెళ్ళి చూశాను. బయటికి ఒరుగుతోంది. నాలుగో రోజుకు గోడ ఛాతీ ఎత్తు లేచింది, ఒరుగు రెండు వేళ్ళ మందం అయింది. కప్పు బరువంతా మోయాల్సిన గోడ అది. పాస్టరు గారిని పక్కకు పిలిచి చెప్పాను.

"ఊకో దేవన్నా," అన్నారాయన. "పాపం గంత దూరంకెల్లి వచ్చిండ్రు, మనసు కష్టపెట్టుకుంటరు. వాళ్ళు పోయినంక మనం సరిచేస్కుందాం తియ్యి."

నేను ఊరుకున్నాను. నాకేంటి, నా కూలి నాకు వస్తుంది అనుకున్నాను. నా మార్త పోయాక నాకు అన్నిటి మీదా ఇదే మాట అలవాటైంది.

వాళ్ళలో వాల్టర్ అని డెబ్బై దాటిన ముసలాయన ఉన్నాడు. వచ్చినప్పటి నుంచీ కడుపు పాడై గదిలోనే పడుకున్నాడు. ఐదో రోజు పొద్దున లేచి వచ్చాడు. సంచిలోంచి పాత తాపీ ఒకటి తీశాడు. పిడి అరిగిపోయి ఆయన చేతి ఆకారానికి వచ్చింది. చూడగానే తెలిసిపోయింది, ఈయన మనవాడే, మేస్త్రి. ఆయన తిన్నగా ఆ గోడ దగ్గరికి వెళ్ళాడు. అరచెయ్యి ఆనించాడు. ఒక కన్ను మూసి మూల నుంచి చూశాడు. తర్వాత దారానికి కట్టిన గుండు పై నుంచి వదిలాడు. ఆ గుండు గోడకు ఎంత దూరంలో ఆగిందో అందరికీ కనబడుతూనే ఉంది. ఆయన నా వైపు చూశాడు. నేను ఇటుకలు తడుపుతున్నట్టు తల వంచుకున్నాను.

పాస్టరమ్మ బడిలో ఇంగ్లీషు చెబుతుంది. మా ఇద్దరి మధ్యా మాట చేరవేసేది ఆమే. ఆయన ఆమెను పిలిచి ఏదో అన్నాడు.

"దేవన్నా, నిన్నే అడుగుతుండు. నువ్వు మేస్త్రివి కద, గీ గోడ సక్కగ ఉన్నదా అని."

పాస్టరు గారు నా వైపు చూస్తున్నారు. పన్నెండు మందీ చూస్తున్నారు. ఉందని తలూపితే సరిపోయేది. మనసొప్పలేదక్కా.

"లేదమ్మా. ఒరిగింది," అన్నాను.

"నీకు ఎప్పటిసంది తెలుసని అడుగుతుండు."

"రెండో దినంకెల్లి తెలుసమ్మా."

"మరి చెప్పకపోతివేంది?" ఇది మాత్రం ఆమె సొంతంగా అడిగింది.

"తప్పు నాదేనమ్మా," అన్నాను. అప్పుడు పాస్టరు గారు గొంతు సవరించుకుని, "గాయన తప్పు లేదు. నేనే వద్దన్న," అన్నారు. ఆయన మీద నాకు గౌరవం పుట్టింది ఆ రోజే.

ఆ నర్సమ్మాయి ఏడ్చేసింది. వాళ్ళ జట్టు పెద్ద కాసేపు వాదించాడు, ప్లాస్టరింగులో సర్దలేమా అని. వాల్టర్ పై వరసలో మొదటి ఇటుక తన చేత్తోనే పెకిలించి కింద పెట్టాడు. ఆ మీద అందరూ వచ్చి చేయి వేశారు. అప్పటికి సిమెంటు పట్టుకుంది, సగం ఇటుకలు పగిలిపోయాయి. మధ్యాహ్నానికల్లా గోడ పునాది దాకా దిగిపోయింది. ఆ పూట ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

మర్నాటి నుంచి ఆయనా నేనూ గోడ లేపాం. మిగతావాళ్ళు ఇటుకలు అందించారు. నేను వరసంతా సిమెంటు పరిచి ఇటుకలు పేరుస్తాను. ఆయన ఒక్కో ఇటుకకూ తాపీతో సిమెంటు పూసి పెడతాడు. మొదటి రోజు ఒకరి పద్ధతి చూసి ఒకరం నవ్వుకున్నాం. మూడో రోజుకు నాకు తెలియకుండానే నేను ఆయనలా పెడుతున్నాను, ఆయన నాలా పరుస్తున్నాడు. మాట లేదు. ఒకరు ఇటు మూల, ఒకరు అటు మూల మొదలుపెట్టి మధ్యలో కలుసుకునేవాళ్ళం.

ఒక రోజు టీ తాగేటప్పుడు ఆయన పర్సులోంచి ఫోటో తీసి చూపించాడు. గాలికి జుట్టు చెదిరి నవ్వుతున్న ఆడమనిషి. ఆయన భార్యట, పోయి మూడేళ్ళయింది. పాస్టరమ్మ నా వైపు తిరిగి, "నీ భార్య పేరేందని అడుగుతుండు," అంది.

మార్త పేరు రెండేళ్ళుగా నేను బయటికి అనలేదు. నీ దగ్గరా అనలేదు. ఆ రోజు అన్నాను. ఆయన "మార్థా" అని నెమ్మదిగా పలికాడు. సరిగ్గా వచ్చిందా అన్నట్టు నన్ను చూసి మళ్ళీ పలికాడు. నేను గ్లాసు పక్కన పెట్టి, లేచి వెళ్ళి మొహం కడుక్కుని పనిలో పడ్డాను. ఆయనా వచ్చి తన మూలలో నిలబడ్డాడు.

వాళ్ళు వెళ్ళేనాటికి గోడ నిలువెత్తు దాటింది. అందరం స్టేషనుకు వెళ్ళాం. నాగ్‌పూర్ బండి ఎక్కే ముందు ఆయన నా చెయ్యి పట్టుకుని ఏదో అడిగాడు. "ఇంటికాడ నీకోసం ఎవరు ఎదురుచూస్తరు అని అడుగుతుండు," అంది పాస్టరమ్మ. నేను ఆయన సంచి పైకి అందించాను. బండి కదిలింది.

చర్చివాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోయారు. నేను ప్లాట్‌ఫాం మీదే ఉండిపోయాను. కాసేపటికి అవతలి వైపు కాజీపేట బండి వచ్చి ఆగింది. మన మంచిర్యాల మీదుగా పోయే బండే. మూడు గంటలు కూర్చుంటే నీ దగ్గర ఉంటాను. ఆ ముసలాయన సముద్రాలు దాటి వచ్చి, పని చేసి, వెళ్ళిపోయాడు. నేను మూడు గంటల దూరం రాలేకపోయాను. జనం ఎక్కారు, దిగారు. బండి కదిలి పోయింది. నేను గదికి వచ్చాను.

ఎందుకు ఎక్కలేదో నీకు తెలుసు. మార్తను మట్టిలో పెట్టిన రోజు నువ్వు నా భుజం పట్టుకుని, "ప్రభువు తీసుకున్నడు తమ్మీ, మనమేం జేస్తం," అన్నావు. "నీ ప్రభువుకు నా ఇల్లే దొరికిందా," అని అందరి ముందూ నీ మీద అరిచాను. ఆ తర్వాత నీ గడప తొక్కలేదు. నీకు చెప్పకుండానే ఇటు వచ్చేశాను. తల్లి లేని నన్ను ఎత్తుకు తిప్పి పెంచినదానివి. నాతోపాటు నువ్వూ ఏడుస్తున్నావని ఆ రోజు నాకు కనబడలేదు. క్షమించు అక్కా.

చర్చి సంగతి అడిగావు గనుక అబద్ధం చెప్పను. గోడలు లేపాను గానీ ఆదివారం లోపల ఇంకా కూర్చోలేదు. ఇవాళ కూడా వాళ్ళ పాటలు ఇక్కడికి వినబడ్డాయి. విన్నాను, తలుపు వేసుకోలేదు. ఇప్పటికి అంతే చేతనైంది. నాకోసం ప్రార్థన చెయ్యి. వద్దనను.

మార్తకు ఇక మందులు పనిచెయ్యవన్నాక కూడా ప్రతి వారం వచ్చి చూసిపోయిన మన పాస్టరు గారికి నా వందనాలు చెప్పు. బావకు మరీ మరీ చెప్పు. మోకాళ్ళకు నూనె రాసుకో, నీళ్ళ బిందెలు మోయకు.

రేకులు వేసే పని ఇంకో వారంలో అయిపోతుంది. ఆ తర్వాత నాకు నాలుగు రోజులు ఖాళీ. నీకు నా మీద కోపం ఉంటే ఉండనీ, కానీ రమ్మని ఒక్క ముక్క రాయి. వస్తాను.

నీ దీవెన కోసం చూస్తూ,
నీ తమ్ముడు,
దేవదాసు