రెండో విత్తనం

2003 జూన్ 9
మూడో కీమో అయి నాలుగు రోజులు. నోరంతా తుప్పు రుచి. రొమ్ము ఆపరేషన్ అయిన వైపు చెయ్యి భుజం దాటి లేవడం లేదు. గోడ మీద వేళ్ళు పాకించమంది ఫిజియోథెరపీ అమ్మాయి. పాకిస్తున్నాను. ఎంత ఎత్తు అందాలో బొగ్గుతో గీత కూడా పెట్టుకున్నాను.

కాపురానికి వచ్చిన ఏడాది నుంచి మా చేలో విత్తే గొర్రు వెనక నడిచి, దాని గొట్టాల మీది జడ్డిగం గిన్నెలో గింజలు పోసేది నేనే. ఎస్సెల్సీ చదివిన కోడలు దుమ్ములో దిగుతుందా అని నవ్వినవాళ్ళే తర్వాత తమ చేలకూ పిలిచారు. ఈ వానకీ నేనే పోయాలి. ఈ ఒక్క పని చాలు నాకు.

జూన్ 13
ఈరోజూ ఊళ్ళోవాళ్ళు నన్ను చూడ్డానికి వచ్చారు. చేతిలో బ్రెడ్ ప్యాకెట్, నోట్లో ధైర్యంగా ఉండు అన్న మాట. నాకు ధైర్యం లేక కాదు. ఏదీ వద్దనిపిస్తోంది. అన్నం, స్నానం, మనుషులు, ఏదీ. మా ఆయనతో చెబితే, కీమో వేడే అది, మజ్జిగ తాగు అన్నాడు.

జూన్ 21
పడుకున్నాను. లేచాను. మళ్ళీ పడుకున్నాను.

జూన్ 28
నాలుగో కీమో అయి బెంగళూరు నుంచి వచ్చాం. గోరంట్ల దాటి బస్సు మా ఊరి మలుపు తిరగ్గానే చేను కనబడింది. విత్తేశారు.

మేం ఆస్పత్రిలో ఉండగా వాన పడిందట. నా కోడలు నందిని గింజలు పోసిందట. ఆయనకు ఫోన్‌లో అప్పుడే అంతా తెలిసిందట. నీకు మనేద ఎందుకని చెప్పలేదే, పదను పోతాండాది గదా, ఏం జేసేది అన్నాడు. పదను ఆగదు, నేల తడి ఆరితే విత్తలేం, అది నాకూ తెలుసు. కానీ నా పక్కనే కూర్చుని ఒక్క మాట చెప్పొచ్చు కదా!

పళ్ళెం నెట్టేశాను. నందిని ఏడ్చింది. నాకు జాలి కూడా కలగలేదు.

జూన్ 30
గోడ దగ్గరికి పోలేదు. ఇక ఎందుకు?

జూలై 8
మొలక వచ్చింది. తర్వాత చినుకు లేదు. ఊరంతా ఆకాశం వైపే చూస్తోంది. నేనూ చూస్తున్నాను. మబ్బు కమ్మితే గుండె గుభేలుమంటోంది. తేలిపోతే హాయిగా ఉంది.

రాసేస్తున్నాను. వాన పడొద్దని కోరుకుంటున్నాను.

మళ్ళీ విత్తితే నన్ను పిలుస్తారన్న ఆశేమో అనుకున్నాను మొదట. కాదు. పిలిచినా పోను. నాతోపాటు అన్నీ ఎండిపోవాలి. అనంతపురం జిల్లాలో పుట్టిన మనిషి అనుకునే మాటేనా ఇది?

జూలై 14
మొలక మాడిపోయింది. ఆయన చేను చూసి వచ్చి, ఏం గాదులే, నువ్వు ధైర్యంగా ఉండు అన్నాడు. నవ్వొచ్చింది.

జూలై 16
రేపు కీమో. రానన్నాను. ఇక ఎప్పుడూ రాను. ఆయన బతిమాలాడు, అరిచాడు. చివరికి, ఆ మాట డాక్టరమ్మకు నువ్వే చెప్పు, నాతో కాదు అన్నాడు. సరే, చెప్పడానికే వస్తాను.

జూలై 17, ఆస్పత్రి
నిద్ర పడుతోందా, ఏమైనా చేయాలనిపిస్తోందా అని డాక్టరమ్మ నన్ను అడుగుతుంటే అన్నిటికీ ఆయనే జవాబు. మా ఆడమనిషి గట్టిది మేడమ్, నీరసం అంతే అన్నాడు. ఒళ్ళు మండింది. వాన పడొద్దని కోరుకున్నాను, మా పైరు మాడిపోవాలని కోరుకున్నాను అని గట్టిగా చెప్పేశాను.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. ఏ వాన అంది. ఆయనకు అర్థమైంది. ఎండిన చేను చూసి వచ్చిన రోజు కూడా ఆయన ముఖం అట్లా లేదు. మా పక్క సచ్చేటోళ్ళు గూడ ఆ మాట అనరు మేడమ్, ఈమెకి శానా బాగలేదు, దీనికి గూడ మందు రాయండి అన్నాడు.

డిప్రెషన్ అట. అదే ఆస్పత్రిలో ఇంకో డాక్టర్ దగ్గరికి పంపారు. మాత్ర రాశాడు. పని చేయడానికి వారాలు పడుతుందన్నాడు. రానని చెప్పడానికి వచ్చినదాన్ని, మళ్ళీ కీమో ఎక్కించుకుని పడుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో తెలియదు. ఈరోజు ఆయన ధైర్యంగా ఉండు అనలేదు.

జూలై 24
మాత్రతో నోరు ఎండుతోంది. మారిందేమీ లేదు. రోజూ పొద్దున ఆయన వచ్చి, ఇయ్యాల గూడ వాన వద్దనుకుంటాండావా అని అడుగుతాడు. అవునంటాను. సరే అని పోతాడు. విసుగ్గా ఉంది. కానీ నిన్న ఆలస్యమైతే, ఎక్కడున్నాడా అని చూశాను.

జూలై 28
వాన.
ఆయన తడిసిపోయి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. రేపు పొద్దన్నే మళ్ళా రెండో విత్తనం ఏస్తాం, నువ్వు వచ్చినా రాకపోయినా సరే, చెప్పిపోదామని వచ్చినా అన్నాడు. వాన వద్దనుకుంటాండావా అని రోజూ అడిగేదీ అడిగాడు.
తెలియదన్నాను.