ఉత్తరాన వెలుగు ఏ రంగు

4 జులై 1957, గురువారం

నలభై ఏళ్ళుగా నన్ను అబద్ధాలకోరు అంటున్నారు. ఇవాళ పేపర్లో పడింది.

పెదపాడు టీ హోటల్లో ఎవరో పైకి చదువుతున్నాడు. భూమికి ఉత్తరపు కొసన రాత్రిపూట ఆకాశంలో వెలుగులు తెరల్లా ఆడతాయట. ఈ ఏడు సూర్యుడు ఉడుకు మీద ఉన్నాడట, అందుకని ఎక్కువగా కనబడతాయట. దేశదేశాల సైంటిస్టులు పోగయ్యారట. మళ్ళీ చదవమన్నాను. చదివాడు. ఇంకోసారి చదవమంటే పేపరు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

జర్మనీ యుద్ధం రోజుల్లో నేను స్టీమర్లో బొగ్గు వేసేవాణ్ణి. ఏలూరు అబ్దుల్ వహాబు అదే స్టీమర్లో వంటవాడు. నార్వేలో ట్రోంసో అనే రేవులో లంగరు వేశాం. ఆ రాత్రి ఆకాశం పచ్చగా వెలిగింది. గాలికి వరిచేను ఊగినట్టు ఊగింది. నేనూ వహాబూ డెక్కు మీద పక్కపక్కనే నిలబడి చూశాం.

ఊరొచ్చి చెబితే నవ్వారు. మా నాన్న తరువాత మా కొల్లేటి లంకలో పెద్దరికం నాకు రావాలి. అబద్ధాలాడేవాడికి పెద్దరికం ఏమిటన్నాడు మా మామ, మా ఆవిడ దుర్గమ్మ తండ్రి. సాక్షిని తెచ్చుకోమన్నారు. మా లంక కట్టుబాటు ప్రకారం సాక్షి అమ్మవారి ముందు దీపం ఆర్పి ప్రమాణం చెయ్యాలి. ఎవరి కోసం చెబుతున్నాడో వాడు గుడి దగ్గరికి రాకూడదు, నీళ్ళ మీద దోనెలో ఉండాలి. నేను దోనెలో కూర్చున్నాను. వహాబు గుడి దాకా వెళ్ళాడు. తల వంచుకుని తిరిగొచ్చాడు. దీపం ఆర్పలేదు. పెద్దరికం మామకు పోయింది. ఇప్పుడు ఆయన కొడుకు చిట్టిబాబుది.

వహాబును నేను ఏమీ అడగలేదు. వాడూ చెప్పలేదు. ఏలూరు వెళ్ళినప్పుడల్లా వాడి తివాచీల కొట్లో టీ తాగుతాను. అది వేరు సంగతి.

6 జులై

పేపరు పట్టుకెళ్ళి చిట్టిబాబు ముందు పెట్టాను. వాడు అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. చదివించుకున్నాడు. ఏం బావా, ఇలాంటిది ఉందని రాశారు గానీ నువ్వు చూశావని ఎక్కడ రాశారు అన్నాడు. పేపర్లో ఢిల్లీ గురించి కూడా రాస్తారు, రేపు ఢిల్లీ కూడా ఏలానంటావా అన్నాడు. అరుగు మీద వాళ్ళంతా నవ్వారు. పేపరు మడిచి చంకలో పెట్టుకుని వచ్చేశాను.

7 జులై

వెళ్తాను. ఆ ఉత్తరపు కొసకే, వహాబును కూడా తీసుకెళ్తాను. నోరు విప్పనివాడి చేతే చెప్పిస్తాను.

12 జులై, శుక్రవారం. ఏలూరు

నమాజు నుంచి వహాబు వచ్చేదాకా కొట్లో కూర్చున్నాను. సంగతి చెబితే వాడు నవ్వలేదు. టీ చల్లారిపోయింది. వెళ్దాం అన్నా, నాకూ ఇంకోసారి చూడాలనే ఉంది అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకుంటాడనుకోలేదు. నాకు ఇంకా ఒళ్ళు మండింది.

వాడి తివాచీలను విశాఖపట్నంలో ఓడ ఎక్కించేది పాండురంగారావు. స్టీమరు ఏజెంటు ఆఫీసులో గుమాస్తా. మూటలు చూసుకోవడానికి ఇవాళ వచ్చాడు. పాత ఓడ మనుషులు కదండీ, వంటకీ డెక్కు పనికీ అని రాయించి ఎక్కిస్తాను అన్నాడు. సెప్టెంబరులో రెండు స్టీమర్లు ఉన్నాయట. ఒకటి మాంగనీసు రాయి వేసుకుని నార్వే వెళ్తుంది. ట్రోంసో దాకా వెళ్తుంది. ఇంకోటి గోధుమల కోసం కెనడా వెళ్తుంది. అక్కడ చర్చిల్ అని రేవు ఉందట, ఆ రేవూ ఉత్తరపు కొసనే.

నార్వే అన్నాను నేను. పాండురంగారావు తల అడ్డంగా ఊపాడు. అక్కడ ఆ రోజుల్లో ఒకటే ముసురండీ, చుట్టూ కొండలు, నెల రోజులున్నా ఆకాశం కనబడకపోవచ్చు అన్నాడు. చర్చిల్ అయితే మన కొల్లేరులాగే బల్లపరుపు, ఆకాశం అంతా మనదేనండీ, దాదాపు రోజూ కనబడుతుంది అన్నాడు.

అయితే కెనడా అన్నాడు వహాబు.

20 జులై

వారం నుంచి నిద్ర లేదు. నీళ్ళు పెరుగుతున్నాయి. నీళ్ళలో పెట్టిన వెదురు మావులు ఎత్తడానికి వెళ్ళి చేపలు తియ్యకుండానే వచ్చేశాను. దుర్గమ్మ ఖాళీ బుట్ట చూసింది. ఏమయ్యా, ఇవాళ వెలుగులు కూర వండనా అంది. అక్కడ ఏ దొరసానినో వదిలేసి వచ్చి ఉంటావు, నలభై ఏళ్ళ నుంచి ఆకాశం మీద పెడుతున్నావు అంది. అరవై ఐదేళ్ళ మొగుణ్ణి అనవలసిన మాటా అది.

వాళ్ళు నవ్వింది ట్రోంసో వెలుగు గురించి. కెనడాలో ఏం కనబడితే నాకేం? నా వల పోయింది ఒక చోట, వెతకడం ఇంకో చోటా?

కానీ అంత దూరం వెళ్ళి ముసురు చూసి వస్తే? చిట్టిబాబు మొహం కళ్ళ ముందే ఉంది.

నార్వే. కాదు, కెనడా. నార్వేయే.

25 జులై. ఏలూరు

వహాబుతో పోట్లాడాను. ఎక్కడైతేనేం అన్నా, ఆకాశం ఒకటే కదా అన్నాడు. నోరు జారింది. నీకు ఎక్కడైనా ఒకటే, ఆ రోజు దీపం ఆర్పనివాడివి, నీకేం అన్నాను.

వాడు చేతిలో కప్పు కింద పెట్టాడు. నేను అమ్మవారి పేరు మీద ప్రమాణం ఎలా చేస్తానన్నా, మాకు కూడదు కదా అన్నాడు. ఖురాన్ వెంట తెచ్చుకున్నానండీ, దాని మీద చెబుతానన్నానండీ, మీ మామగారు ఈ గుడిలో ఆ ప్రమాణం చెల్లదన్నారు అన్నాడు. కోపం వస్తే వాడికి అండీలు ఎక్కువవుతాయి.

నలభై ఏళ్ళు నాకెందుకు చెప్పలేదన్నాను. మీరు అడగలేదు కదండీ అన్నాడు. మీ మామగారు మీకు చెప్పే ఉంటారనుకున్నాను, తెలిసి కూడా ఆ మాట ఎత్తడం లేదనుకున్నాను అన్నాడు.

మామ చెబుతాడా? ఆ పెద్దరికం తీసుకున్నవాడు?

వచ్చేశాను. టీ తాగకుండా రావడం ఇదే మొదటిసారి.

26 జులై

నేను దోనెలో కూర్చున్నాను. ఆ రోజు గుడికి వెళ్తుంటే వాడి చంకలో ఉన్న మూట నాకు కనబడింది. తినడానికి ఏదో తెచ్చుకున్నాడనుకున్నాను.

4 ఆగస్టు, ఆదివారం

వహాబు మా లంకకు వచ్చాడు. నేను పిలవలేదు. తెల్ల పైజామా, టోపీ, చంకలో ఖురాన్. చిట్టిబాబు అరుగు ముందు నిలబడి, నేను అబ్దుల్ వహాబును, మీ బావగారి పక్కన నిలబడి ఆ వెలుగు చూశానండీ, దీని మీద చెబుతున్నాను అన్నాడు. ఈసారి నేను దోనెలో లేను. పక్కనే ఉన్నాను.

చిట్టిబాబు లేచి నిలబడ్డాడు. కూర్చోండి సాయిబు గారూ అని మంచం వాల్చాడు. నా ఛాతీ పొంగింది. అప్పుడు అడిగాడు, ఏ రంగులో ఉందండీ అని.

తెల్లగా ఉందండీ, అన్నం వార్చేటప్పుడు వచ్చే ఆవిరిలాగా అన్నాడు వహాబు.

ముందు ఎవరూ నవ్వలేదు. తరువాత వెనక ఎవడో నవ్వాడు. చిట్టిబాబు నా భుజం మీద చెయ్యి వేశాడు. బావా, పచ్చో తెలుపో ముందు మీరిద్దరూ తేల్చుకుని రండి, పెద్దరికం ఎక్కడికీ పోదు అన్నాడు.

దోనెలో వహాబును దించడానికి వెళ్ళాను. పచ్చగా ఉందిరా అన్నాను. నాకు తెల్లగానే కనబడింది అన్నా, ఖురాన్ పట్టుకుని వేరే ఎలా చెబుతాను అన్నాడు. వాడి మొహం చూస్తే అబద్ధం చెబుతున్నట్టు లేదు.

నేనూ చెప్పలేదు అబద్ధం.

8 ఆగస్టు. తాడేపల్లిగూడెం

ఓడ ఎక్కాలంటే కళ్ళు చూపించుకోవాలట. వహాబూ నేనూ రైల్లో గూడెం వచ్చాం. డాక్టరు కుడికన్ను పోయిందన్నాడు. ఎడమ కంటికి శుక్లం వచ్చిందట. ఆపరేషను చెయ్యాలి, చేస్తే నెలల తరబడి కదలకూడదు, ఓడ మాట మరిచిపోండి అన్నాడు. చెయ్యకపోతేనో అన్నాను. చూపు తగ్గుతూ వస్తుంది, రంగులు ముందు పోతాయి అన్నాడు. వహాబు సంచిలో నుంచి తివాచీ ఉన్ని పోగు ఒకటి తీసి నా ముందు పట్టాడు డాక్టరు, ఇదేం రంగో చెప్పండి పెద్దాయనా అని.

పచ్చ అన్నాను. అంతేనా అని వహాబును అడిగాను. పచ్చేనన్నా, మీకు బాగానే కనబడుతోంది అన్నాడు. డాక్టరు మా ఇద్దరి మొహాలూ చూసి పోగు నా చేతిలో పెట్టాడు.

ఆ పోగు జేబులో వేసుకున్నాను.

9 ఆగస్టు

దుర్గమ్మకు పోగు చూపించాను. నీలం అంది. ఎండలోకి తీసుకెళ్ళి మళ్ళీ అడిగాను. నీలమేనయ్యా, ఎన్నిసార్లు చెప్పను అంది. నా కళ్ళలోకి చూసి ఇంక వేళాకోళం చెయ్యలేదు. అన్నం పెట్టింది.

ఖురాన్ పట్టుకుని ఊరందరి ముందు నాకు అడ్డం చెప్పినవాడు, ఉన్ని పోగు పట్టుకుని నా కోసం అబద్ధం చెప్పాడు.

11 ఆగస్టు

పాండురంగారావు మనిషిని పంపాడు. ఏ స్టీమరో వచ్చే శుక్రవారానికి తేలాలట. తరువాత పేర్లు ఎక్కించరట. కళ్ళ సంగతి తను సర్దుతాడట.

నార్వే అని చెప్పి పంపుదామనుకున్నాను. నోరు రాలేదు. నార్వే వెళ్తే చూసేదెవరు? కెనడా వెళ్తే మాత్రం చూసేదెవరు?

14 ఆగస్టు, బుధవారం

వహాబూ, ఆపరేషను చేయించుకోను. ఓడ ఎక్కుతాను. చూసేది నువ్వు, కాబట్టి ఊరు నువ్వే చెప్పు. కెనడా అంటే కెనడాయే. రేపు పొద్దున్నే దోనె వేసుకుని వచ్చి ఈ మాట నీ మొహం మీదే చెబుతాను.

కానీ తెల్లగా ఉంటే తెలుపనే చెప్పాలి. పక్కనున్నవాడికి కళ్ళు లేవు కదా అని పచ్చ అనకూడదు. దీనికి ఒప్పుకుంటావా, ఒప్పుకోవా? శుక్రవారం నమాజు అయ్యేలోగా చెప్పు.