పచ్చ చుక్క

ఖమ్మం,
16 సెప్టెంబరు 2025.

తమ్ముడు తుల్సీరాంకు,

జస్టిన్ అన్న ప్రేమతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, మీ వదిన మహిమా దేవుని దయవల్ల బాగున్నాం. మీ క్షేమం తెలపమని అడగడానికి మాత్రం నాకు నోరు రావడం లేదు. కమ్లి అమ్మకు కుడిచెయ్యి ఏమన్నా కదులుతోందా? మాట వస్తోందా? ఫోన్ చేస్తే బాగనే ఉంది అన్నా అంటావు, నేను నమ్మినట్టు నటిస్తాను. అందుకే కాగితం పట్టుకున్నాను.

కారేపల్లిలో కొత్త ఛార్జింగ్ స్టేషన్ పని మొదలైంది. ఒక పెద్దాయన వచ్చి, వానల దీన్ని పట్టుకుంటే షాక్ కొడ్తదా ఏంది అని అడిగాడు. నువ్వుంటే ఆయన చెయ్యి పట్టుకుని వైరు మీద పెట్టించేవాడివి. నేను వోల్టేజీ గురించి పాఠం చెప్పాను, ఆయన మధ్యలోనే వెళ్ళిపోయాడు. ఛార్జింగ్ స్టేషన్ల పని మీద పినపాక చుట్టూ నీ కరెంటు ఆటోలో నాలుగు నెలలు తిరిగినా నీ మాటతీరు నాకు అబ్బలేదు. మీ ఇంటికొస్తే కమ్లి అమ్మ జొన్నరొట్టె పెట్టి, కరెంటు బంకు సారు కారం తినలేడని నవ్వేది. ఆ నవ్వంటే నాకు చాలా ఇష్టం.

నిన్న మణుగూరులో మీ అన్న లాల్‌సింగ్ కలిశాడు. అమ్మకు పక్షవాతం వచ్చిన రోజు, తాను డీజిల్ జీపు మాట్లాడ్త అంటే నువ్వే వద్దన్నావని, దారిల ఛార్జింగ్ ఉంది, జల్దీ పోదమన్నావని, తీరా అడవిలో ఛార్జింగ్ దొరక్క ఆటో ఆగిపోయిందని చెప్పాడు. గంటన్నర ముందు తెస్తే చెయ్యి దక్కేదని భద్రాచలం దవాఖానాల డాక్టరు అన్నడట. వాడు ఫోన్‌ల ఛార్జింగ్ మ్యాప్ సక్కగ సూసుకోలే, గందుకే అమ్మ మంచాన పడ్డది, ఇగ వాణ్ణి గడప ఎక్కనియ్య అన్నాడు. తండాలో ఎవరూ నీ బండి ఎక్కడం లేదని, నువ్వు దాన్ని అమ్మకానికి పెట్టావని కూడా చెప్పాడు. నాకు టీ ఇప్పించాడు. సిగ్గు లేకుండా తాగాను.

నువ్వు జాగ్రత్త లేనివాడివి కాదు తమ్ముడూ. ఛార్జింగ్ ముప్పై శాతానికి దిగితే మంచి బేరమైనా వదులుకునేవాడివి, నేను చూశాను. ఆటోను అమ్ముకోకు. మీ అన్న తిట్టినా సరే, అమ్మ దగ్గరికి వెళ్ళు.

ఇట్లు,
నీ మేలు కోరే
జస్టిన్

తా.క.: ఇదంతా రాసి కవరులో పెట్టి, మళ్ళీ బయటికి తీశాను. నీ మేలు కోరేవాడినని సంతకం పెట్టి, దాన్ని అలాగే పోస్టు చేయలేకపోయాను.

ఆ రోజు నువ్వు నమ్ముకుని వెళ్ళిన అడవి స్టేషన్‌కు ట్రాన్స్‌ఫార్మర్ రానేలేదు. నెలాఖరుకు పని అయిపోయిందని చూపించాలి కదా. జనరేటరు కిరాయికి తెచ్చి, ఒక్క బండికి ఛార్జింగ్ పెట్టి, ఫోటో తీసి కంపెనీకి పంపాను. స్టేషన్ నడుస్తోందని మ్యాప్‌లో దాని చుక్కను నా చేత్తోనే పచ్చగా మార్చాను. సాయంత్రం జనరేటరు పంపేశాక దాన్ని ఎర్రగా మార్చాల్సింది. వారంలో ట్రాన్స్‌ఫార్మర్ వస్తుందిలే అనుకుని వదిలేశాను. మూడో రోజు నువ్వు అమ్మను తీసుకుని బయలుదేరావు. నీ ఆటో ఆగిపోయిందని తెలియగానే చుక్కను ఎర్రగా మార్చేశాను.

తర్వాత నువ్వు ఆఫీసుకొచ్చి, అన్నా, నాకు పచ్చగనే కనవడ్డది, నేనే తప్పు సూసిన్నా అని అడిగావు. అవ్, పాత మ్యాప్ సూసినవ్, రిఫ్రెష్ చేయలే అన్నాను. నువ్వు నమ్మావు. ఇంటికెళ్ళి అదే మాట మీ అన్నకు చెప్పి తప్పు నీ నెత్తిన వేసుకున్నావు. నువ్వు సరిగ్గానే చూశావు తమ్ముడూ. ఆ చుక్క పచ్చగానే ఉంది.

ఈరోజు కంపెనీకి జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. ఈ ఆదివారం చర్చికి వెళ్ళకుండా మీ తండాకు వస్తున్నాను. మీ అన్నకు, అమ్మకు, వినేవాళ్ళందరికీ చెప్తాను. నువ్వు లోపల అమ్మ పక్కన కూర్చో. నేను వాకిట్లో నిలబడి చెప్తాను.