నాలుగు తీగలూ ఒకేసారి

నవంబరు 3
ఆర్కెస్ట్రా రిహార్సల్‌లో మళ్ళీ పరువు పోయింది. స్లో మూవ్‌మెంట్ సగంలో నా వయోలా సి తీగ, అన్నిటికంటే లావుపాటిది, శ్రుతి దిగిపోయింది. కండక్టర్ అందరినీ ఆపి, ఇంకా ఆ గొర్రెపేగు తీగలెందుకమ్మా, వానకొకలా ఎండకొకలా ఉంటాయి అన్నాడు. వెనక వరసలో నవ్వారు. పద్దెనిమిదిన సీటు ఆడిషన్. ఈలోగా శ్రుతి నిలిచే సింథటిక్ కోర్ తీగలు వేసుకోకపోతే సీటు మర్చిపొమ్మన్నాడు.
సరే. వేసుకుంటాను.

నవంబరు 5, ఆదివారం
అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. ఊళ్ళో సగం వయొలిన్లు ఆయన చేతిలో బాగుపడ్డవే. పోయినేడు పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. అంతకు వారం ముందే నా వయోలాకి కొత్త సౌండ్ పోస్ట్ చెక్కి పెట్టాడు. చిటికెనవేలి పొడవు పుల్ల, పెన్సిల్ లావు. జిగురుండదు, మేకుండదు. లోపల రెండు చెక్కల మధ్య బిగువు మీద నిలబడుతుంది, గొంతంతా దాని మీదే. ఆ చేత్తో ఆయన చేసిన ఆఖరి పని అది. అందుకే ప్రతి ఆదివారం వాయించమంటాడు, కళ్ళు మూసుకుని వింటాడు. నా వంట రుచి చెప్పమంటే తల గోక్కుంటాడు గానీ తీగ రుచి మాత్రం ఇట్టే చెప్తాడని వదిన దెప్పుతుంది.
తీగల సంగతి అడిగాను. మాట ముద్దగా వస్తుంది, ఓపిగ్గా వినాలి. మెత్తటి రకం తీసుకో, గట్టివి వేస్తే ముసలి చెక్క ఊపిరాడక చస్తుంది అన్నాడు. గుమ్మం దాకా వచ్చాక వెనక్కి పిలిచి, ఒక్కొక్కటే విప్పు అమ్మడూ, నీకసలే తొందర అన్నాడు.
నేనేమైనా చిన్నపిల్లనా అన్నాను.

నవంబరు 8
కొట్టువాడు గట్టి సెట్టే అంటగట్టబోయాడు. హాలు దద్దరిల్లుతుందట. నాకు దద్దరిల్లక్కర్లేదు. మెత్తటివే తెచ్చుకున్నాను.

నవంబరు 9, మధ్యాహ్నం
ముందు ఎ తీగ మార్చాను. తీగ సాఫీగా జారేలా గాడిలో పెన్సిల్ రుద్ది, బిరడాకి చుట్లు పక్కపక్కన పడేలా చుట్టాను. చక్కగా కూర్చుంది. సి విప్పేసరికి కింద చెక్క మీద కమానుకి రాసే రోజిన్ దుమ్ము కనిపించింది, ఏళ్ళ తరబడి పేరుకున్నది. కొత్త తీగల కింద ఆ మురికి ఏం బాగుంటుంది, ఐదు నిమిషాల పని కదా అనిపించింది. మిగతావన్నీ విప్పేశాను. తీగల్ని మోసే బ్రిడ్జి చేతిలోకి వచ్చేసింది. తుడుద్దామని వయోలాని పక్కకి వంచాను.
లోపల టక్ మంది. తర్వాత ఏదో దొర్లింది.

నవంబరు 9, సాయంత్రం
తీగల బిగువు లేకపోతే పుల్ల పడిపోతుందని నాకు తెలీదా? నా దగ్గర నేర్చుకునే పిల్లలకి మొదటి ఏడాదే నేను చెప్తాను, ఒక్కొక్కటే విప్పండర్రా అని. కొరివితో తల గోక్కున్నాను. చేతులు విరగ్గొట్టుకోవాలనిపిస్తోంది.
వయోలా పైచెక్క కన్నంలోంచి చూస్తే పుల్ల కనిపిస్తోంది. చివర అన్నయ్య పెన్సిల్ గీత.

నవంబరు 10
వదిన ఫోన్. కొత్త తీగలు వినాలని మీ అన్న రోజులు లెక్కపెడుతున్నాడు, ఆదివారం పెందలాడే రమ్మంది. వస్తానన్నాను. ఇంకేం చెప్పలేదు.

నవంబరు 11
రిపేరతని దగ్గరికి వెళ్ళాను. అన్నయ్య దగ్గరే పని నేర్చుకున్నవాడు. పాత పుల్లే నిలబెట్టమని బతిమాలాను. రెండుసార్లు పెట్టాడు, రెండుసార్లూ పడింది. చెక్క సర్దుకుంది అక్కా, దీనికి ఎత్తు చాలట్లేదు, ఇప్పుడు కాకపోయినా ఎప్పటికైనా మార్చాల్సిందే అన్నాడు. ఎప్పటికైనా కదా. ఇప్పుడు కాదు కదా.
కొత్తది చెక్కి పెట్టాడు. తీగలన్నీ తనే ఎక్కించాడు. పాతది కాగితంలో చుట్టి ఇచ్చాడు. అన్నయ్యకి చెప్పొద్దన్నాను. మనం చెప్పకపోతే ఆయనకి వినపడదా అక్కా అన్నాడు.

నవంబరు 12, ఆదివారం
వాయించాను. రెండో వరస వాయిస్తుండగానే అన్నయ్య కళ్ళు తెరిచాడు. ఆపమనలేదు. అయిపోయేదాకా విన్నాడు. పుల్ల ఎవరు పెట్టారు అని అడిగాడు. చెప్పాను. అన్నీ విప్పేసిన సంగతీ చెప్పాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది. కుర్రాడు బాగా పెట్టాడు, నేను పెట్టినదానికంటే బాగా పలుకుతోంది అన్నాడు.
నిజమే, బాగా పలుకుతోంది. అదే నా ఏడుపు.
ఎడమచేయి చాచాడు. పాత పుల్ల అందులో పెట్టాను. గీత పైకొచ్చేలా తిప్పి చూసుకుని, కుడిచేతి వేళ్ళ మధ్య ఇరికించాలని చూశాడు. జారిపడింది. నేను వంగేలోపే వదిన తీసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ పడింది.

నవంబరు 18
సీటు వచ్చింది. ఇప్పుడు కదమ్మా వయోలా వయోలాలా ఉంది అన్నాడు కండక్టర్.

నవంబరు 19, ఆదివారం
వయోలా తీసుకుని వెళ్ళాను. అన్నయ్య వాయించమనలేదు.