నీళ్ల ట్యాంకు వెనక తలుపు

తిరువళ్లూరు,
ఆదివారం మధ్యాహ్నం.

మురళన్నకు,

నేను బాగున్నాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా, నాయన దగ్గు మందు వేళకు తాగుతున్నాడా, రాయి. నువ్వు బాగానే ఉంటావు, అందుకే నిన్ను అడగడం లేదు.

ఫోను చేయకుండా ఉత్తరం రాశానని నవ్వుకుంటావు. నవ్వుకో. ఫోనులో నేను ఒక మాట మొదలుపెడితే నువ్వు నాలుగు మాటలు దూరుస్తావు. వెనక మన ఇంటి కరెంటు మగ్గాల చప్పుడు. చివరికి నేను "సరేలే అన్నా" అని పెట్టేస్తాను. పోయిన వారం జరిగింది అదే. కాగితం మీద నువ్వు మధ్యలో దూరలేవు.

తెలుగులో రాయడానికీ కారణం ఉంది. ఈ హాస్టల్లో అందరూ తమిళం చదువుతారు, నా భుజం మీదుగా తొంగిచూసినా ఎవరికీ ఏమీ అర్థం కాదు. నా గదిలో ఉండే భారతిది కనకమ్మ సత్రం అనే ఊరు, మనలాగే తెలుగు మాట్లాడుతుంది కానీ ఒక్క అక్షరం చదవలేదు. కాన్వెంటులో నేను తెలుగు తీసుకున్నప్పుడు "దాన్ని పట్టుకోని యాడికి పోతావు?" అన్నావు. ఇక్కడికి వచ్చాను. నువ్వు ఇది కూడబలుక్కుని చదవాలి. చేతకాకపోతే అమ్మకు ఇవ్వు. ఆమె నగరిలో చదువుకుంది, గట్టిగా చదివి వినిపిస్తుంది. నాయన విన్నా నాకు అభ్యంతరం లేదు.

ఇక్కడి సంగతులు. కాలేజీ లైబ్రరీలో నా పని పుస్తకాలకు చీటీలు అంటించడం, పిల్లలు తెచ్చిచ్చినవాటిని మళ్లీ వాటి చోట పెట్టడం, మాట్లాడేవాళ్ల వైపు చూడడం. చూస్తే చాలు, ఆపేస్తారు. నోరు తెరవకుండా జీతం వచ్చే ఉద్యోగం ఉంటుందని నాకు తెలియదు. ఎండ మన ఆర్.కె.పేటలో లాగే ఉంది కానీ ఇక్కడ చెమట ఆరదు. హాస్టల్లో పొద్దున పొంగలి, రాత్రి దోసె, మళ్లీ పొద్దున పొంగలి. ఊరుబిండి పచ్చడి తిని ఎన్నాళ్లయిందో. అమ్మను కొంచెం చేసి పంపమను. నేను బాగున్నాను అని కూడా చెప్పు, ఆమె రెండుసార్లు వింటే గానీ నమ్మదు.

మొదట్లో ఒకటే కష్టం. ఇక్కడ చప్పుడు లేదు. గదిలో కూర్చుంటే ఏదో పాడైపోయిందనిపించేది. మన ఇంట్లో చప్పుడు లేదంటే కరెంటు పోయిందని కదా. ఎవరో ఒకరు పరుగెత్తాలి, నాయన తిట్టాలి. ఇక్కడ ఎవరూ పరుగెత్తరు. అలవాటు చేసుకున్నాను.

ఇక నీ మాటకు వస్తాను. "చీర అంచులకు గ్రాఫు గీసే ఆయన పనికి రాకుండా నిలిచిపోయినాడు మే. నువ్వు వచ్చెయ్. సుమ్మా ఊరికే ఆడ పుస్తకాల దుమ్ము తుడిచేదానికి బదులు ఈడ నాలుగు అంచులు గీసి ఇయ్యి" అన్నావు. ఎంత సులభంగా అన్నావో! గళ్ల కాగితంలో ఒక్కో గడి నింపుతూ అంచు గీయడం నేను నాయన పక్కన కూర్చుని నేర్చుకున్నాను. నేను గీస్తానని అడిగిన రోజు నీకు గుర్తుందా? నాయన సరే అనబోయాడు. చిన్నమామ ఉన్నాడు, నూలు తెచ్చిన ఆయన ఉన్నాడు. అందరి ముందూ నువ్వేమన్నావు?

"ఆటలో దారి గీసేదానికే రాలేదు దీనికి. దీని మ్యాపు నమ్ముకోని నేను ఎన్నిసార్లు చచ్చినానో. ఇది చీరకు అంచు గీస్తుందంట!"

చిన్నమామ కడుపు పట్టుకుని నవ్వాడు. నాయన కూడా నవ్వాడు. గ్రాఫు తిరుత్తణి ఆయనకు పోయింది. నేను ఈ ఉద్యోగానికి అర్జీ పెట్టుకున్నాను. చెల్లి ఎందుకు వెళ్లిపోయిందో తెలియడం లేదని అమ్మతో అంటున్నావట. ఇప్పుడు తెలిసిందా?

అందుకే మన కంప్యూటరులో ఆడిన ఆ ఆట గురించి రాయాలి. నీకు అది ఎందుకు ఇష్టమో నాకు తెలుసు, అందులోని దెయ్యం, మన పెద్దాయన, దూకినప్పుడు కుర్చీలోంచి ఎగిరిపడడం. నాకు ఎందుకు ఇష్టమో నువ్వు ఒక్కసారీ అడగలేదు. నువ్వు మీటలు నొక్కేవాడివి, నేను పక్కన గళ్ల కాగితం మీద ఓడ దారులు గీసేదాన్ని. నేను ఓడను చూస్తూ కూర్చునేదాన్ని అన్నా. చుక్కల మధ్య ఎవరూ నడపకుండా పోతున్న అంత పెద్ద ఓడ. సబ్బు ఇంకా తడిగా ఉంటుంది, మనిషి ఉండడు. దీపం కింద చిక్కుడు తీగ పెరిగి తలుపును కప్పేసి ఉంటుంది. కిటికీ అద్దం మీద మంచు, ఆ మంచు మీద లోపలి వైపు నుంచి వేలితో రాసిన మాటలు. భయం అనేది అరుపు కాదని, సర్దిపెట్టి ఉన్న ఇల్లని ఆ ఆట నాకు చెప్పింది. నేను చదివిన ఏ పుస్తకం కన్నా అది నాకు ఎక్కువ నచ్చింది. అందుకే నువ్వు దాన్ని అడ్డం పెట్టుకుని నన్ను నవ్వులపాలు చేయడం నేను మరిచిపోలేదు.

పెద్దాయన అనే పేరు నువ్వే పెట్టావు. ముఖం లేదు, తలంతా తడిగుడ్డ మాదిరి మడతలు. "పెద్దాయన వస్తుండాడు, పెద్దాయన వస్తుండాడు!" అని నువ్వు అరిస్తే అమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఎవుర్రా వచ్చింది? కాఫీ పెట్టేదా?" అనేది. అన్నిసార్లూ వచ్చాడు కదా. ఎక్కడ దాక్కున్నా వచ్చాడు. బీరువాలో, మంచం కింద, ఇంజను గదిలో. మూడో అంతస్తు దాటి మనం ఎప్పుడూ పోలేదు. అక్కడ కుడివైపు నీళ్ల ట్యాంకు వెనక ఒక తలుపు ఉంటుందని నేను గీశాను. చూసి గీయలేదు, నిజమే. ఆ ఓడ చీర మాదిరి కట్టారు అన్నా. ఎడమ అంచులో ఏముందో కుడి అంచులో అదే తిరగేసి ఉంది. ఎడమవైపు ట్యాంకు వెనక తలుపుంటే కుడివైపూ ఉండాలి. నువ్వు అక్కడికి చేరేలోగా ప్రతిసారీ పెద్దాయన పట్టుకున్నాడు. "ఆడ గోడ ఉంది, నువ్వు తప్పు గీసినావు" అన్నావు. నువ్వు గోడను చూడలేదు. నేను తలుపును చూడలేదు. తప్పు మాత్రం నాదయింది.

పోయిన నెల అదే ఆటను నా లాప్‌టాప్‌లో ఎక్కించుకున్నాను. ఒక ఆదివారం పొద్దున గదిలో కూర్చుని మొదలుపెట్టాను. భారతి మంచం మీద తల చిక్కు తీసుకుంటోంది. మొదటి అంతస్తు తిరిగాను, పెద్దాయన రాలేదు. రెండో అంతస్తులోనూ రాలేదు. చెడిపోయిన ఆట ఇచ్చారనుకున్నాను. ఎదురుగా నడవాలో ఆయన కనబడ్డాడు, నన్ను దాటుకుని వెళ్లిపోయాడు. మొదటిసారి ఆయన ఊపిరి విన్నాను. మన ఇంట్లో స్పీకరు పెట్టినా ఏమీ వినపడేది కాదు కదా. తడి నేల మీద చీపురు లాగినట్టు ఉంది ఆ ఊపిరి.

అప్పుడు భారతి మోచేయి తగిలి టిఫిను డబ్బా మూత నేల మీద పడింది. తెర మీద పెద్దాయన తల తిప్పాడు.

"ఏందిమే అది? నన్ను చూస్తుండాది!" అంది భారతి.

"మళ్లీ పడెయ్."

"ఏమి?"

"మూత. మళ్లీ పడెయ్ భారతీ."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అంటూనే పడేసింది. పెద్దాయన పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను చంపేశాడు. భారతి దువ్వెన అక్కడే వదిలేసి మంచం మీద లేచి నిలబడింది. "అయ్యయ్యో, నా వల్లనే చచ్చిపోయినావా? సారీ మే! కానీ వానికి ఎట్ల వినపడింది?"

మైకు అన్నా. ఆట మళ్లీ మొదటి నుంచి పెట్టి చూశాను. మొదట్లో ఒక ప్రశ్న వస్తుంది, మీ గదిలో చప్పుడు వినమంటారా అని. మన ఇంట్లో నేను చదివేలోగా నువ్వు ఎస్, ఎస్ అని నొక్కుకుంటూ పోయావు. ఆన్‌లైన్ క్లాసుల కోసం మన కంప్యూటరుకు కొన్న కెమెరాలో మైకు ఉంది. ఆయన తల మీద మడతలన్నీ చెవులు. మనం బీరువాలో దాక్కుని ఊపిరి బిగబట్టుకుంటే, గోడ అవతల మగ్గాలన్నీ ధడధడమంటున్నాయి. ఆయన రాకుండా ఎలా ఉంటాడు?

ఓడ మనకు చెబుతూనే ఉంది. గోడల మీద "మాట్లాడకండి" అని రాసి ఉంది. మనం మాట్లాడలేదు, సైగలు చేసుకున్నాం. మగ్గం చప్పుడును మనం చప్పుడు కింద ఎప్పుడు లెక్కవేశాం? ఇంకొకటి. ప్రతి తలుపు ముందూ బూట్లు వరసగా విడిచి ఉంటాయి. "చూడుమే, మనోళ్ల మాదిరే, చెప్పులు బయట ఇడిచి లోపలికి పోయినారు" అని నువ్వు మెచ్చుకున్నావు. నేనూ మెచ్చుకున్నాను. వాళ్లు అడుగుల చప్పుడుకు భయపడి విడిచారు. మన బూట్లు కూడా విప్పుకోవచ్చు, దానికి ఒక మీట ఉంది. మనం మర్యాద అనుకుని దాటుకుంటూ పోయాం.

భారతిని కదలొద్దని బతిమాలి, బూట్లు విప్పి, నేను గీసిన దారిలోనే మూడో అంతస్తుకు వెళ్లాను. కుడివైపు నీళ్ల ట్యాంకు. దాని వెనక తలుపు. నేను ఏ గడిలో గీశానో అక్కడే, ఒక్క గడి కూడా పక్కకు లేదు. నేను అరవలేదు, అరిస్తే ఆయన వస్తాడు. నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నాను. ఆనందం అనుకోకు. కోపం. ఇన్నేళ్లు నేను కూడా నీ మాటే నమ్మాను. గళ్ల కాగితం ముందు పెట్టుకున్నప్పుడల్లా నా చేయి వెనక్కి పోయేది. దానికి నిన్ను క్షమించానని ఈ ఉత్తరంలో ఎక్కడా వెతకకు.

ఆ తలుపు అవతల ఏముందో కూడా చెప్పేస్తాను, నీకు సరదా మిగలనివ్వను. ఆట మొత్తం మెల్లగా నడవమని, వినమని నేర్పి, చివరికి చేతికి ఒక పెద్ద తుపాకి ఇచ్చి పెద్దాయనను కాల్చమంటారు. ఒకటే పేలుళ్లు, దీపాలు, పాట. ఇంత మంచి ఓడ కట్టినవాళ్లకు ఆ బుద్ధి ఎలా పుట్టిందో! నేను తుపాకి అక్కడే వదిలేసి వెనక్కి నడిచాను. ఆ కాల్పుల భాగం నీకు బాగా నచ్చుతుంది.

ఇప్పుడు నేను చెప్పేది చెప్పినట్టు చెయ్యి. ఈ కవరులో మూడో అంతస్తు దారి మళ్లీ గీసి పెట్టాను. మన కంప్యూటరు ముందు కూర్చుని ఆ దారిలో నడువు. అయితే ఇంట్లో చప్పుడు ఉండకూడదు. కరెంటు పోయినప్పుడు ఆడదామనుకుంటే కంప్యూటరూ ఆగిపోతుంది. అందుకే మనకు ఇన్నేళ్లూ తెలియలేదు. మగ్గాలకు అమావాస్య సెలవు కదా, ఆ రోజున చూస్తాలే అనుకోకు. ఆ రోజు నువ్వు తిరుత్తణిలో తిరుగుతుంటావు, దెయ్యాల ఆట వద్దని అమ్మ కంప్యూటరు మీద గుడ్డ కప్పేస్తుంది. నాకు అమావాస్య వద్దు. పని ఉన్న రోజు, మగ్గాల మీద చీరలుండగా, నీ చేత్తో నువ్వే వాటి స్విచ్చి ఆపాలి. నాయన ఎందుకని అడుగుతాడు. చెప్పు. చెల్లి గీసింది తప్పో ఒప్పో చూడాలని చెప్పు.

తలుపు లేకపోతే నేను మళ్లీ గ్రాఫు మాట ఎత్తను. ఉంటే, ఉందని నాయన ముందు, చిన్నమామ ముందు అను. అప్పుడు అంచులు గీస్తాను. ఇక్కడి నుంచే, ఆదివారాలు. ఉద్యోగం మానను, ఇంటికి రాను. నేను గీసిన దాంట్లో నువ్వు ఒక్క గడి దిద్దకూడదు. గళ్ల కాగితాల కట్ట నూలు కండెల పెట్టె వెనక ఉంది, ఊరుబిండితో పాటు పంపు. నా నీలం గొడుగు కూడా.

అమ్మకు, నాయనకు నా దండాలు. దూరాన ఉన్న పిల్ల తల మీద చేయి పెట్టినట్టు ఒక్కసారి తలుచుకోమను. చిన్నమామను అడిగానని చెప్పు, నవ్వకుండా చెప్పు. వీధిలో పెద్దవాళ్లందరికీ నమస్కారాలు. నీకు దండం తర్వాత, నువ్వు స్విచ్చి ఆపినాక.

ఆ రోజు నాకు ఫోను చెయ్యి. మగ్గాలు ఆపకుండా ఆపానని నాతో చెప్పలేవు. నువ్వు నోరు తెరవకముందే, నీ వెనక ఏమి వినపడుతోందో నాకు వినపడుతుంది.

ఇట్లు,
నీ చెల్లెలు
సుగుణ