సముద్రం మీద ఆరు గంటలు

వరంగల్,
14-9-1978

చి.ల.సౌ. కరుణకు అమ్మ దీవెనలు.

ప్రభువు కృపవల్ల ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేను, పక్కింటి సోమక్క. అక్కడ నీవు, అల్లుడు, నీ కడుపులోని బిడ్డ క్షేమమని తలుస్తున్నాను.

నీవు అడిగినవాటికి జవాబులు. పాస్‌పోర్టు అందింది. టీకాలు వేయించుకున్నాను, రెండు రోజులు చెయ్యి బరువెక్కి తగ్గింది. బిడ్డను పడుకోబెట్టడానికి కొత్తవాడ యాకయ్యతో చిన్న జంపఖానా నేయించాను.

తొలి కాన్పుకు కూతురు పుట్టింటికి రావడం మన ఆనవాయితీ. రెండుసార్లు నిలవని కడుపు కనుక మంచం దిగవద్దని మీ డాక్టరు అన్నప్పుడు, పుట్టింటినే నైరోబీకి తెస్తానని మాట ఇచ్చాను. అప్పటికి నా లెక్కలో అది మూడున్నర గంటల ప్రయాణం. బొంబాయిలో ఉదయం ఆరింటికి ఎక్కితే తొమ్మిదిన్నరకు దిగడమని టిక్కెట్టులో ఉంది. హైదరాబాదుకు బస్సులో వెళ్లినంత సేపే కదా అని గుండె దిటవు చేసుకున్నాను.

మీ గడియారాలు మనకంటే రెండున్నర గంటలు వెనుక అనీ, ప్రయాణం ఆరు గంటలనీ, నాలుగున్నర వేల కిలోమీటర్లలో దాదాపు అంతా సముద్రమేననీ నీవు వ్రాస్తే తెలిసింది. ముప్పై ఏళ్లు ఆడపిల్లలకు రేఖాంశాలు బోధించినదాన్ని. భయపడినవాళ్లు తమకు అనుకూలమైన అంకె కనబడితే మళ్లీ సరిచూసుకోరు కాబోలు.

సోమక్కకు చెప్పాను.

"ఆరు గంటలా టీచరమ్మా? నడుమల యాడ ఆగదా?"

"సముద్రం మీద ఎక్కడ ఆగుతుంది?"

"మరి నీకు కోపమొస్తే దిగిపోతవు గద. మొన్న ములుగు బస్సును అడివిల ఆపించి దిగినవ్. కండక్టరు బతిమిలాడినా ఎక్కకపోతివి. ఆడ ఎట్ల జేస్తవు?"

"నోరు మూసుకుని కూర్చుంటాను."

"నువ్వా?" అని ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాక నీ ఉత్తరం తీసి ఆ ఆరు గంటల మాట మళ్లీ చదివాను.

కరుణా, ఎప్పుడైనా లేచి రాగలననే ధైర్యంతోనే ఇన్నేళ్లు ఎక్కడైనా కూర్చున్నాను. మీ నాన్న పోయాక మా అన్నయ్య ఇంటి నుంచి అట్లాగే లేచి వచ్చాను. తలుపు మూసి, ఇక దిగడానికి వీల్లేదనే చోట ఎన్నడూ కూర్చోలేదు.

నిన్ను కలవరపెట్టకూడదని ఇంతవరకు దాచిన మాట ఒకటుంది. సోమవారం టిక్కెట్టు వాపసు చేయడానికి ఏజెంటు దగ్గరకు వెళ్లాను. అతడు చాయ్‌కి పోయాడన్నారు. బల్ల మీద కూర్చున్నాను. నీకు పంపవలసిన టెలిగ్రాము మాటలు కూడా మనసులో పేర్చుకున్నాను. జ్వరమని అబద్ధం. అప్పుడు నీవు గుర్తొచ్చావు. నాలుగు నెలలుగా ఆ మంచం మీద ఉన్నావు. ఎంత భయమేసినా నీకూ దిగే వీలు లేదు. నీకు అది ఆరు గంటలు కాదు.

ఏజెంటు వచ్చేలోగా లేచి ఇంటికి వచ్చేశాను.

భయం పోలేదు. ఈ ఉత్తరం వ్రాస్తుంటే కూడా ఉంది. అయినా వచ్చే నెల ఆ విమానం ఎక్కుతాను.

ఇక నీ చివరి ప్రశ్న. మీ వీధిలో ఉండే గుజరాతీ ఆమె అదే విమానంలో వస్తున్నదనీ, నా పక్కన కూర్చోమని చెప్పనా అనీ అడిగావు. చెప్పు. మీ అమ్మ పిరికిదని మాత్రం చెప్పకు. ఆమెకు భయమేస్తే నా చెయ్యి పట్టుకోమను. దిగేవరకు వదలవద్దని కూడా చెప్పు.

ఇట్లు,
నీ దగ్గరకు బయలుదేరుతున్న
మీ అమ్మ,
మార్తమ్మ