క్రేన్ ఆయిల్

జూన్ 8, సోమవారం

కారు ఇంటికొచ్చింది. పన్నెండు రోజులు పోలీస్ స్టేషన్ పెరట్లో వానకు నానింది. ఎడమ మడ్‌గార్డు చక్రం మీదకి నొక్కుకుపోయింది. ఆ వైపు లైటు లేదు. బంపరు వంగింది. ఇంజిన్ మాత్రం ఒక్క తిప్పుకే లేచింది. ముప్పై దాటిన అంబాసిడర్, ఇంకా నా మాట వింటోంది... మనుషుల కంటే నయం.

రూతు గుమ్మంలో నిలబడి కారు వైపు కాకుండా నా వైపు చూస్తోంది. "సూసినారా మా తమ్ముడి నిర్వాకం" అంది. చూశాను, ఏం చెప్పను? ప్రభుదాసు దానికి ఒక్కగానొక్క తమ్ముడు, నాకు బావమరిది. కారు అడిగితే ఇచ్చాను. ఖిదిర్‌పూర్ వంతెన దిగుతూ లైటు స్తంభాన్ని గుద్దాడు. కాలు రెండు చోట్ల విరిగింది, తొడ దాకా కట్టు. ఇంకెవరికీ ఏమీ కాలేదు, దేవుడి దయ.

"బ్రేకు దిగిపోనాది బావా. నొక్కితే నేలకి అంటుకుపోనాది." ఆసుపత్రిలో ఇదే మాట, పది సార్లు. ఎవరూ నమ్మలేదు, తాగాడో లేదో పరీక్షా చేయించలేదు. స్నేహితుడి రిటైర్‌మెంట్ విందు నుంచి వస్తున్నాడు మరి. మూడేళ్ళ కిందటి దాకా పచ్చి తాగుబోతు మరి. నేనూ నమ్మలేదు. ఆ బ్రేకులు నేను చూసుకునేవి.

జూన్ 9

వాన. సందులో మోకాలి లోతు నీళ్ళు. కారు కింద దూరడం కుదరదు.

జూన్ 11

టికియాపారా వెళ్ళాను. రైల్వే క్వార్టర్లో ప్రభుదాసు ఒక్కడే, కాలు స్టూలు మీద పెట్టుకుని అటుకులు తింటున్నాడు. వాడి భార్య సుగుణ పిల్లను తీసుకుని ఖరగ్‌పూర్‌లో పుట్టింటికి వెళ్ళిపోయింది. మళ్ళీ తాగిన రోజున ఉండనని ముందే చెప్పిందట. చెప్పినట్టే చేసింది.

"నాను తాగనేదు బావా. మా పిల్ల మీద ఒట్టు."

సర్లేరా అన్నాను. ఆ "సర్లేరా" వాడికి అర్థమైంది. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

యార్డులో రైలు పెట్టెలు విడదీసి కలిపే షంటింగ్ పని వాడిది. కట్టు విప్పాక మళ్ళీ డ్యూటీ ఎక్కాలి. చుట్టుపక్కల క్వార్టర్లలో అప్పుడే గుసగుసలు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అనుకున్నాను - బ్రేకులు విప్పి చూపిస్తాను, వాడి నోరు మూయిస్తాను, అప్పుడైనా నిజం ఒప్పుకుంటాడు. అలా అనుకున్నందుకు ఇప్పుడు నా మొహం నాకే చూపించుకోలేకుండా ఉన్నాను. కానీ ఆ రోజు అలాగే అనుకున్నాను.

(ఈ చివరి రెండు ముక్కలు 13న రాసినవి.)

జూన్ 13, శనివారం

జాకీ ఎక్కించాను. ముందు ఎడమ చక్రం తీశాను. డ్రమ్ము సుత్తితో కొడితే గాని రాలేదు. లోపల చక్రం సిలిండర్ విప్పితే రబ్బరు కప్పు నా అరచేతిలోకి జారింది.

ఉబ్బిపోయి ఉంది. మెత్తగా, జిడ్డుగా. అంచు బయటికి తిరిగిపోయింది. రెండో చక్రమూ అదే. పెడల్ దగ్గరి పెద్ద సిలిండర్లో రబ్బరు మరీ అన్యాయం, గోటితో గీస్తే ఊడి వస్తోంది. అది ఒత్తిడి ఏం పట్టుకుంటుంది... నొక్కితే నేల దాకా పోతుంది.

నేలకి అంటుకుపోనాది. వాడు చెప్పింది అదే.

వేలు వాసన చూశాను. ముప్పై ఒక్క ఏళ్ళు ఓడల డాకులో క్రేన్లు బాగుచేసిన ముక్కు నాది. ఆ వాసన నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ప్రమాదానికి రెండు నెలల కిందట, మట్టల ఆదివారానికి ముందు రోజు. బ్రేక్ ఆయిల్ తగ్గింది. కొట్టుకు వెళ్ళడానికి బద్ధకం. మంచం కింద డబ్బా, రిటైరయిన రోజు డాకు నుంచి తెచ్చుకున్న క్రేన్ ఆయిల్, ఇంకా సగం ఉంది. రూతు అడిగింది కూడా. "కారుకి అదెయ్యొచ్చేటండీ?" దానికి నా జవాబు: "ఇరవై టన్నులు ఎత్తి దించే ఆయిలే ఇది. ఈ డొక్కు కారు ఆగదా?"

క్రేన్ రబ్బరు వేరు, కారు బ్రేకు రబ్బరు వేరు. ఆ నూనె ఈ రబ్బరును తినేస్తుంది. నాకు తెలియదా? తెలుసు. ఎవడైనా వచ్చి అడిగి ఉంటే నేనే తిట్టి చెప్పేవాణ్ణి. పొగరు. పని తెలిసినవాడి పొగరు, ఇంకేమీ కాదు.

ఈ చేతులు పడిపోను.

జూన్ 14, ఆదివారం

గుడికి వెళ్ళాం. పాస్టరు అయ్యగారు ప్రభుదాసు కోసం ప్రార్థన చేశారు, పడిపోయిన సహోదరుడు లేవాలని. నా పక్కన రూతు ఏడ్చింది. బయటికొచ్చాక దాని ఫోన్ మోగింది. ఖరగ్‌పూర్ నుంచి సుగుణ.

"సంఘం ముందు నిలబడి తాగినానని ఒప్పుకుంటే ఒస్తాను వదినా. తాగినందుక్కాదు, అబద్ధమాడినందుకు నాకు కడుపు మండిపోతంది."

రూతు నా చెయ్యి పట్టుకుంది. "మీరు సెప్పండి వాడికి. మీ మాటయితే వింటాడు."

అప్పుడే చెప్పాల్సింది. గుడి మెట్ల మీదే. తల ఊపాను.

జూన్ 16

మల్లిక్‌బజార్. పాత కార్ల సామాను అమ్మే బెంగాలీ ముసలాయన, నన్ను ఇరవై ఏళ్ళుగా ఎరుగును. కొత్తవి కొలత సరిపోవాలని ఉబ్బిన కప్పులు కాగితంలో చుట్టి తీసుకెళ్ళాను. కళ్ళజోడు సర్దుకుని ఒక్కసారి నొక్కి చూశాడు.

"ఎ తో తేల్ ఖేయేఛే, దాదా!" నూనె తాగేసిందయ్యా ఇది. ఎవరు పోశారు?

గ్యారేజీలో ఎవడో వెధవ పోశాడన్నాను.

"ఖూన్ కోరే ఫేల్బే ఎక్‌దిన్," అన్నాడు ఆ వెధవ గురించి. ఎవరినో చంపేస్తాడు ఏదో ఒక రోజు. అవును దాదా అన్నాను. నాలుగు చక్రాల రబ్బర్లు, పెద్ద సిలిండర్ సెట్టు, మూడు గొట్టాలు, బ్రేక్ ఆయిల్ సీసాలు రెండు. సంచీలో వేసుకుని ట్రామ్ డిపో దాకా నడిచాను. ఎక్కడికి వెళ్ళాలో కాసేపు తోచలేదు.

జూన్ 18

ఫోన్ తీశాను. పెట్టేశాను. మళ్ళీ తీశాను. "ఏటి బావా?" అన్నాడు. కాలు ఎలా ఉందిరా అన్నాను.

జూన్ 20

ఇనుప గొట్టాలన్నీ విప్పి స్పిరిట్‌తో కడిగాను. మూడు సార్లు. బొట్లు బొట్లుగా నూనె వస్తూనే ఉంది. గుడ్డ తుడిచిన ప్రతిసారీ పచ్చగా మరక. పని బాగా చేస్తున్నాను, అదే నాకు అసహ్యంగా ఉంది. ఇంత శుభ్రంగా కడుగుతుంటే ఎవరికోసం కడుగుతున్నట్టు?

పాత రబ్బర్లు పారెయ్యలేదు. కాగితంలోనే ఉన్నాయి, పనిముట్ల పెట్టె అడుగున. ఇది రాసుకోవడం మంచిది. రూతు బైబిలు తప్ప మరేదీ చదవదు, ఈ పుస్తకానికి భయం లేదు.

జూన్ 23, మంగళవారం

బ్రేకులో గాలి తీయాలి. ఒకరు పెడల్ నొక్కాలి, ఒకరు చక్రం దగ్గర బిరడా విప్పాలి. ఎప్పుడూ ప్రభుదాసు నొక్కేవాడు. ఇవాళ రూతు చీర ఎత్తి దోపుకుని డ్రైవర్ సీట్లో కూర్చుంది. నేను కింద, వెల్లకిలా, తడి గోనె మీద.

నొక్కు. పట్టు. వదులు.

"సిన్నప్పుడూ ఇంతేనండీ వాడు. బెల్లం తినీసి పిల్లి తిన్నాదనీవోడు."

నొక్కు. పట్టు... బుడగలు. వదులు.

"పిల్లని తలుసుకుంటే నాకు నిద్దరట్టడం నేదు. ఒక్క మాట ఒప్పుకుంటే ఏటి పోతాది వాడికి? తల దించుకుంటే సరిపోదేటి?"

నొక్కు.

"ఏటండీ, ఇంటన్నారా?"

దాని కాలు నా మొహానికి రెండడుగుల పైన. మధ్యలో ఒక రేకు. చెప్పడానికి ఇంత కంటే మంచి చోటు ఏముంటుంది, మొహం చూడక్కర్లేదు కూడా. రూతూ, అన్నాను. "మ్మ్?" అంది. "ఇంకో రెండు సార్లు నొక్కు, అయిపోయింది" అన్నాను.

పిరికి నా కొడుకుని.

జూన్ 24

రూతు పట్టుబట్టి ఎక్కింది. డాకు గోడ పక్కనుంచి వెళ్ళి, వంతెన ఎక్కి, అవతలికి దిగాం. ఎదురుగా మినీబస్సు అడ్డం వచ్చింది. కాలు వేశాను. కారు అక్కడికక్కడ నిలబడిపోయింది. రూతు ముందుకి తూలి డాష్‌బోర్డు పట్టుకుంది.

ప్రభుదాసు గుద్దిన వంకర స్తంభం పక్కనే ఉంది. దాన్నీ పెడల్‌నీ చూసింది. తర్వాత అంది - "బ్రేకు బాగానే ఉన్నాది గదా."

రూతూ, నేను దాన్ని మొత్తం... అని మొదలుపెట్టాను. మొదలుపెట్టాను, అది నిజం. కానీ రూతు అప్పటికే ఫోన్ తీసింది. తమ్ముడికే.

"ఒరే, మీ బావ బ్రేకులన్నీ ఇప్పి సూసినారు. ఏటీ లోపం నేదు. నానూ ఇప్పుడే సూసినాను నా కళ్ళతోటి. ఇంక సాలురా ఈ నాటకం."

అటునుంచి ఏమన్నాడో నాకు వినపడలేదు. హారన్లు.

నా పని నాకు ఇంత బాగా వచ్చినందుకు ఎప్పుడూ ఇంత ఏడుపు రాలేదు.

జూన్ 25

ఏమీ చేయలేదు. మడ్‌గార్డుకు రంగు వేయాలి. వేయలేదు.

జూన్ 27, శనివారం

చెప్పేద్దామని టికియాపారా వెళ్ళాను. పాత రబ్బర్లు జేబులో ఉన్నాయి. గడియ తీసే ఉంది. నన్ను చూడగానే లేవబోయాడు, వద్దన్నాను.

"బావా, నువ్వు ఇప్పి సూసినావట గదా."

చూశాను, అందుకే...

"నువ్వు సూసినావంటే మరింకేటున్నాది. నాకంటే నీకు తెల్దేటి?" నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "మూడు రోజుల్నుంచి ఆలోసిస్తన్నాను. ఆ రిటైర్‌మెంట్ ఇందులో కూల్‌డ్రింకులు రెండు తాగినాను. ఎవుడో కలిపీసుంటాడు. నాకు తెలీకుండానే ఎక్కీసుంటాది. నేపోతే బ్రేకు దిగిపోనట్టు నాకెందుకనిపిస్తాది?"

తన కాలి కింద జరిగిన దాని కంటే నా చేతుల మీద వాడికి నమ్మకం ఎక్కువ. ఆరోజు పెడల్ మీద ఉన్నది వాడి కాలు. ఆ కాలే విరిగింది. అయినా నా మాటే వాడికి రుజువు.

తాగానని రేపు గుడిలో సాక్ష్యం చెప్తాడట. సుగుణ రాత్రికి బండి దిగుతుంది. మళ్ళీ పిల్ల మొహం చూస్తానని చిన్నపిల్లాడిలా అయిపోయాడు. జేబులో చెయ్యి పెట్టి రబ్బర్లు పట్టుకునే ఉన్నాను. ఇప్పుడు నిజం చెప్తే సుగుణ రావడం ఆగిపోతుందా? ఆగదు, ఇంకా సంతోషంగా వస్తుంది. అది నాకు తెలుసు. అయినా ఆ సాకు చెప్పుకునే ఇంటికి వచ్చేశాను.

జూన్ 28, ఆదివారం

చంక కర్రల మీద ముందుకి వెళ్ళాడు. నేనే కారులో తీసుకొచ్చాను.

"ఆ దినం నాను తాగినాను. తాగనేదని అబద్ధమాడినాను. నా బార్యనీ, సంఘాన్నీ, నన్ను కన్నకొడుకులా సూసుకున్న మా బావనీ మోసం సేసినాను. సెమించండి."

అయ్యగారు వాడి తల మీద చెయ్యి పెట్టారు. గుడంతా స్తోత్రం అంది.

నేనూ అన్నాను. స్తోత్రం.

జూలై 2

ఆదివారం మాట ఆఫీసు దాకా పోయింది. ఎవడు మోశాడో. షంటింగ్ మనిషి, తాగి బండి నడిపి గుద్దానని పదిమందిలో తానే ఒప్పుకున్నాడు... సోమవారం పదింటికి రమ్మన్నారు. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. సుగుణ వచ్చి వారం కూడా కాలేదు.

జూలై 4, శనివారం

సాయంత్రం వాడూ సుగుణా టాక్సీలో వచ్చారు. రూతు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. ప్రభుదాసు వంగలేక వంగి నా మోకాళ్ళు పట్టుకున్నాడు.

"బావా, నువ్వు అబద్ధమాడవని నాకు తెలుసు. జనమలో ఒక్క అబద్ధం నా కోసం రాయి. కారు పని సేసింది నువ్వు, నీ కాయితానికి ఇలువున్నాది. బ్రేకు పెయిలయినాదని రాసీ. ఆ పాపం నా మీద ఏసుకుంటాను."

సుగుణ కొంగు నోట్లో కుక్కుకుంది. రూతు కప్పులతో గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఆయన సేత ఆ పని సేయించకురా" అంది మెల్లగా. "ఆయన సేత అబద్ధం రాయించకు."

రాస్తానులే అన్నాను.

వాడు నా చేతులు కళ్ళకి అద్దుకున్నాడు. ఎంతసేపు వదల్లేదో. వాళ్ళు వెళ్ళాక రూతు కప్పులు కడిగింది. తర్వాత వచ్చి పక్కన కూర్చుంది. "తమ్ముడి కోసం మీరు ఇంత పని సేస్తారనుకోనేదు" అంది. కళ్ళు తుడుచుకుంది. నా కోసం ప్రార్థన చేస్తుందట.

జూలై 5, ఆదివారం

గుడికి వెళ్ళలేదు. ఒళ్ళు బాగాలేదన్నాను.

కాగితం రాస్తున్నాను. నా పేరు, డాకులో చేసిన ఉద్యోగం, కారు నంబరు. ఆ రోజున బ్రేకులు పూర్తిగా ఫెయిలయ్యాయి - ఇది రాయడం తేలికే అయింది. దాని కింద, ఎందుకు ఫెయిలయ్యాయో రాయాలి. రాయకుండా సంతకం పెట్టినా సరిపోతుందేమో. వాడి ఉద్యోగం నిలబడుతుంది. నేను దేవుడి లాంటివాణ్ణవుతాను.

ప్రభుదాసు రేపు తొమ్మిదింటికి వస్తాడు, కాగితం కోసం. రూతు గుడి నుంచి ఇంకా రాలేదు.